హాలిస్టర్ వాళ్ళు మా ఊరికి రారు

బ్రయర్ ఫోర్క్, కెంటకీ
సెప్టెంబరు మొదటివారం

లైల్‌కి అక్క రాస్తున్నది,

మొన్న ఫోన్ మధ్యలో పెట్టేశానని అలిగావట, నీ మేనకోడలు కొరీన్ చెప్పింది. అలుగు. నాన్న అంత్యక్రియల రోజున చర్చి మెట్ల మీద నిలబడి ఎవరి టీం గొప్పదని ఊరంతా వినేలా మనం అరుచుకున్నాక, అమ్మ పెట్టిన నియమం గుర్తుందా? "ఫుట్‌బాల్ సంగతులు మీరిద్దరూ కాగితం మీదే మాట్లాడుకోండి. నోటితో మొదలుపెడితే మీరు మనుషులు కారు" అంది. ఆ నియమం తప్పింది నువ్వు. నా మోకాలి నొప్పి గురించి అడుగుతూ అడుగుతూ "ఇంతకీ మీ కంచరగాడిదల టీం ఈ ఏడు ఎన్ని ఆటలు ఓడుతుంది?" అన్నావు. పెట్టేశాను.

ఇప్పుడు కాగితం మీద చెబుతున్నాను, విను. డోర్సీ ఇక్కడి కాలేజీ టీంకి కోచ్‌గా చేరిన కొత్తలో మా స్టేడియంలో నా అల్లిక సామానంతా వరుస పొడుగునా పరుచుకుని కూర్చునేదాన్ని, అడిగేవాడు లేడు. ఇప్పుడు పొద్దున్నే వెళ్ళకపోతే నిలబడి చూడాల్సిందే. నా అల్లుడని చెప్పడం కాదు, ఆ పిల్లలకి ఆట నేర్పినవాడు, భయం పోగొట్టినవాడు అతనే. అక్టోబరులో మీ ఊరొచ్చి మీ హాలిస్టర్‌తో ఆడబోతున్నాం. గుండె దిటవు చేసుకో.

ఒక్కటే నన్ను తినేస్తోంది. మీ వాళ్ళు కోచ్‌లని దుప్పట్లు మార్చినట్టు మారుస్తారు. ఇప్పుడున్నాయన కుర్చీ కూడా ఊగుతోందని పేపర్లో రాశారు. వాళ్ళ కన్ను డోర్సీ మీద పడితే? కొరీన్ ఇల్లు నా ఇంటికి రెండు గుమ్మాల అవతల. మనవరాలు పెర్ల్ రోజూ పొద్దున్నే పలక్కుండా లోపలికొచ్చి, మజ్జిగలో మొక్కజొన్న రొట్టె నలుపుకుని తిని బడికి పోతుంది. మీ బావ పోయాక ఈ ఇంట్లో పొద్దుటి పూట మనిషి అలికిడి అంటే ఆ పిల్లే. వాళ్ళు వెళ్ళిపోతే నేనిక్కడ గోడలతో మాట్లాడుకోవాలి. అక్కడ ఏ కాస్త గుసగుస వినపడినా ముందు నాకు చెప్పు.

ఒడెస్సా

*

హాలిస్టర్, అలబామా
సెప్టెంబరు మధ్య

అక్కకి,

అలగలేదు. విసుగొచ్చింది. రెండూ ఒకటి కాదు.

మీ ఊరివాళ్ళందరికీ ఒకటే జబ్బు. నాలుగు ఆటలు గెలవగానే పెద్దవాళ్ళ పక్కన పీట వేయమంటారు. మీకు ఆడేవాళ్ళు పదకొండు మంది బాగున్నారు, ఒప్పుకున్నాను. అందులో ఒకడి కాలు బెణికితే? మాకు ఒకడు పడితే వాడికన్నా బలిసినవాడు ఇంకొకడు లేస్తాడు. వాడి వెనకాల ఇంకొకడు. దేశంలో ఏ మూల కాస్త పరిగెత్తగలిగిన కుర్రాడున్నా, పాలు మరవకముందే మా వాళ్ళు వెళ్ళి ఆ ఇంట్లో కూర్చుంటారు. మీ దగ్గర ఒకడు మెరిశాడనుకో, మరుసటేడు వాడు మా చొక్కా వేసుకుని ఉంటాడు. ఇది పోటీ ఎలా అవుతుంది? మీరు పెంచుతారు, మేము కోసుకుంటాం.

ఇంకో సంగతి. మీరు ఇక్కడికి వచ్చి ఆడుతున్నారని మురిసిపోతున్నావు. మా వాళ్ళు మీలాంటి చిన్న ఊళ్ళకి ఎప్పుడైనా వచ్చారా? రారు. అందరూ మా గుమ్మంలోకి రావాల్సిందే. నాన్న అనేవాడు కదా, "హాలిస్టర్ ఎవరి గుమ్మమూ తొక్కదు" అని. గొప్పతనమంటే అదీ.

మా స్టేడియంలో నాన్న పేరున ఉన్న రెండు సీట్లూ అలాగే ఉన్నాయి. ఒకదాంట్లో నేను. రెండోదాంట్లో ఆయన ఎర్ర దిండు. దాని మీద ఎవర్నీ కూర్చోనివ్వను. నువ్వు వస్తే దిండు తీస్తాను. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కొనిపెడతాను. ఓడిపోయేటప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా.

నీ తమ్ముడు లైల్

*

బ్రయర్ ఫోర్క్
సెప్టెంబరు చివర

లైల్‌కి,

రాను. ఆ స్టేడియంలో నా చుట్టూ లక్షమంది నా అల్లుణ్ణి తిడుతుంటే వేరుశనక్కాయలు నమలడం నావల్ల కాదు. మా స్టేడియంలో పెద్ద తెర మీద చూపిస్తున్నారు, ఊరంతా అక్కడే ఉంటాం.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మా జబ్బు గురించి రాశావు, మీ గొప్ప గురించి రాశావు, పాలు మరవని పిల్లల గురించి రాశావు. నేను అడిగిన ఒక్క ప్రశ్నకి జవాబు లేదు. చిన్నప్పుడు కిటికీ అద్దం పగిలినప్పుడు కూడా నువ్వు అమ్మకి వాతావరణం గురించే చెప్పావు.

డోర్సీ సంగతి ఏమైనా విన్నావా, లేదా?

ఒడెస్సా

*

హాలిస్టర్
అక్టోబరు, ఆదివారం

అక్కకి,

గెలిచారు. రాశాను, చూసుకో. మూడు పాయింట్ల తేడాతో, మా గడ్డ మీద, నా కళ్ళముందు. ఆఖరి అరగంట మా వాళ్ళు చెప్పులు తారుమారైన వాళ్ళలా పరిగెత్తారు. నా వెనక వరుసలో ఒకాయన టోపీ విసిరేసి ఇంటికి పోయాడు, ఆ టోపీ నాన్న దిండు మీద పడింది. మీ డోర్సీ మాత్రం చేతులు కట్టుకుని, బస్సు కోసం చూస్తున్నవాడిలా నిలబడ్డాడు. అంత నిబ్బరం చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా చెబుతున్నాను, బాగా ఆడించాడు.

సరే. ఇంటికొచ్చి టీవీ పెట్టాను. మీ ఊరు చూపిస్తున్నారు. జనం మైదానంలోకి దూకి, గోల్‌పోస్టు పీకి, భుజాల మీద ఊరేగిస్తున్నారు. అక్కా, నెమ్మదిగా అడుగుతాను, నెమ్మదిగా చెప్పు. పెద్ద ఆట గెలిస్తే గోల్‌పోస్టు పీకడం ఆనవాయితీ, సరే. కానీ ఆట జరిగింది ఎక్కడ? మా ఊళ్ళో. గెలిచినవాళ్ళు పీకితే మా గోల్‌పోస్టు పీకాలి. మీ ఊళ్ళో కూర్చుని, తెర మీద చూసి, మీ సొంత గోల్‌పోస్టు మీరే పీక్కోవడమేమిటి? మీకు బుర్రలున్నాయా?

ఇంకొకటి. ఆ గోల్‌పోస్టు గొట్టం వెనక చివర పట్టుకున్న నీలం వానకోటు ఆవిడ ఎవరు? మోకాలు నొప్పి అన్నావు కదా?

లైల్

*

బ్రయర్ ఫోర్క్
అక్టోబరు చివర

లైల్‌కి,

నేనే. గొట్టం నా భుజం మీద బరువే లేదు, అందరూ మోశారు. మోకాలు మర్నాడు గుర్తొచ్చింది.

నువ్వు నవ్వినంతసేపు నవ్వావు కదా, ఇప్పుడు విను. మా ఊళ్ళో అలా గెలవడం ఎవరికీ అలవాటు లేదు. పెద్ద ఊళ్ళవాళ్ళు గెలిస్తే ఏం చేస్తారో టీవీలో చూడటమే. ఆట అయిపోగానే అందరం లేచి నిలబడ్డాం, ఇప్పుడేం చేయాలో తెలియలేదు. పోస్టాఫీసు క్లైడ్ "పీకాలి కదా?" అన్నాడు. ఏది పీకాలని ఎవరమూ ఆలోచించలేదు. కళ్ళెదుట ఉన్నది పీకేశాం. బజారు పొడుగునా ఊరేగించి వాగులో పడేశాం. ముక్క కోసి పెర్ల్‌కి కూడా ఇచ్చారు, దాంట్లో పెన్సిళ్ళు పెట్టుకుంది.

సోమవారం పొద్దున తెలిసింది అసలు సంగతి. శనివారం మళ్ళీ ఇక్కడే ఆట. కొత్త గోల్‌పోస్టు తెప్పించాలంటే మూడు వారాలు పడుతుందన్నారు. సంతాపసభలా అందరం తలలు వంచుకుని కూర్చుంటే, హైస్కూల్లో వెల్డింగు చెప్పే మాస్టారు, ఆయన శిష్యులు కలిసి పైపులు అతికి ఒకటి నిలబెట్టారు. దూరం నుంచి బాగానే ఉంది.

ఆట పోక్ వ్యాలీతో. ఈ ఏడు ఒక్కటీ గెలవనివాళ్ళు. మా వాళ్ళు గాల్లో తేలుతూ ఆడారు, అంటే అసలు ఆడలేదు. చివరికి ఒక్క పాయింటు వెనక ఉన్నాం. ఆఖరి కిక్. గోల్‌పోస్టు మీద పైకి నిలిచిన రెండు కొమ్ముల మధ్య నుంచి బంతి పోతే చాలు, గెలుపు మనదే. కుర్రాడు చక్కగానే తన్నాడు. టంగుమని కుడి కొమ్ముకి తగిలి వెనక్కి వచ్చి వాడి కాళ్ళ దగ్గరే పడింది.

అందరూ వెళ్ళిపోయాక డోర్సీ నిచ్చెన వేసుకుని, తాడుకి బోల్టు కట్టి వేలాడదీసి చూశాడు. ఆ కొమ్ము జానెడు లోపలికి వాలి ఉంది. తిన్నగా ఉంటే బంతి లోపలి నుంచే పోయేది. నా వంటింట్లో కూర్చుని ముందు నవ్వాడు. తరవాత నవ్వు ఆగిపోయి చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. "అత్తయ్యా, హాలిస్టర్‌ని గెలిచి, నా సొంత ఊరి పైపు చేతిలో ఓడిపోయాను" అన్నాడు. డిసెంబరు పెద్ద పోటీలకి మమ్మల్ని పిలవరు. అంతా ఆ ఒక్క గొట్టం వల్లే.

ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పను. బంతి ఆ కొమ్ముకి తగిలిన క్షణాన నాకు ఏడుపు రాలేదు. హమ్మయ్య అనిపించింది. ఓడిపోయినవాణ్ణి ఎవరు ఎగరేసుకుపోతారు, ఇక వీళ్ళు నా దగ్గరే ఉంటారు అనుకున్నాను. పక్కన పెర్ల్ వెక్కి వెక్కి ఏడుస్తుంటే దాని వీపు నిమురుతూ అనుకున్నాను ఈ మాట. నామీద నాకే అసహ్యం వేసింది. గెలిస్తే వీళ్ళు పోతారు, ఓడితే పిల్ల ఏడుస్తుంది. ఇలాంటి ఆటని ఎలా చూడాలో నువ్వే చెప్పు.

నా ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు.

ఒడెస్సా

*

హాలిస్టర్
డిసెంబరు మొదటివారం

అక్కకి,

నువ్వు పేపరు చదివే ఉంటావు. మా వాళ్ళు కోచ్‌ని పీకేశారు. మీరు గోల్‌పోస్టులు పీకుతారు, మేము మనుషుల్ని పీకుతాం. ఈ ఆటలో ఏదీ నిలబడి ఉండకూడదు కాబోలు.

ఇక నీ ప్రశ్న. సెప్టెంబరులోనే, నీ మొదటి ఉత్తరం నాకు అందకముందే, మా కాలేజీలో క్రీడల వ్యవహారాలన్నీ చూసే స్ట్రౌడ్ అనేవాడు స్టేడియంలో నా వరుసకి వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ సీట్లో ఉన్నాను, ఒక్కరోజు నమస్కారం పెట్టినవాడు కాదు. వచ్చి నాన్న దిండు మీద కూర్చోబోయాడు. ఆపాను. నిలబడే "డోర్సీ మీ మేనకోడలి భర్త అట కదా, రమ్మంటే వస్తాడా?" అన్నాడు. వదిలించుకోవడానికి "అతని భార్య తల్లిని వదిలి కదలదు, మీరు దారి చూసుకోండి" అన్నాను. అక్కడితో సరి అనుకున్నాను. నీకు రాస్తే కంగారు పడతావని రాయలేదు.

వాడు దారే చూసుకున్నాడు. నిన్న మా ఇంటికే వచ్చాడు, మొహమంతా పళ్ళు చేసుకుని. డోర్సీని పిలిచారట. ఉద్యోగంతో పాటు అత్తగారికి కూడా ఒక ఇల్లు ఇస్తారట. కాలేజీకి దగ్గర్లో, మెట్లు లేకుండా, మోకాలికి ఇబ్బంది లేకుండా. అక్కా, నీ మోకాలి సంగతి వాడికి తెలుసు. నేను చెప్పలేదు, ఒట్టు. పెద్ద కాలేజీలు ఆటగాళ్ళని లాక్కుంటాయని తెలుసు, కోచ్‌లని లాక్కుంటాయని తెలుసు. అత్తగార్లని కూడా లాక్కుంటాయని ఇప్పుడే చూస్తున్నాను.

సిగ్గు విడిచి ఇంకొకటి రాస్తాను. కోపంగానే వెళ్ళి ఆ ఇల్లు చూశాను. నా ఇంటికి నాలుగు వీధుల అవతల. వంటింటి కిటికీ తూర్పువైపు. నువ్వు అక్కడ నిలబడి నన్ను తిడుతున్నట్టే ఊహించుకున్నాను. ఆదివారాలు ఈ ఊళ్ళో నాతో మాట్లాడేవాళ్ళెవరూ లేరు. రాకూడదూ?

లైల్

*

బ్రయర్ ఫోర్క్
డిసెంబరు

లైల్‌కి,

నాకంటే ముందు నీకు తెలిసింది. మూడు నెలలు నీళ్ళు నమిలావు. దాని గురించి మనం మొహం మొహం చూసుకున్నప్పుడు మాట్లాడుకుందాం, అప్పుడు కాగితం అక్కర్లేదు.

కొరీన్ నిన్న వచ్చి చెప్పింది. "అమ్మా, నువ్వొస్తానంటే వెళ్దామంటున్నాడు. నువ్వు రానంటే ఈ మాట ఇక ఎత్తనన్నాడు" అంది. అల్లుడి జీవితమంతా తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. రానంటే జీవితాంతం అతని కాళ్ళకి అడ్డం పడినదాన్నవుతాను. వస్తానంటే ఇక్కడ అతను లేపి నిలబెట్టిన పిల్లలంతా ఏమవుతారు?

నీ సెప్టెంబరు ఉత్తరం, హాలిస్టర్ ఎవరి గుమ్మమూ తొక్కదన్నది, తీసి మళ్ళీ చదివాను. డోర్సీని పిలిచి చెప్పాను. "వస్తాను. ఇల్లొద్దు, తూర్పు కిటికీ వద్దు. వాళ్ళని ఒక్కటే అడుగు. హాలిస్టర్ టీం ఒక్క శనివారం మా ఊరొచ్చి, మా మైదానంలో ఆడాలి. ఒప్పుకున్న రోజున మూట కట్టుకుంటాను" అన్నాను. ఇది ఆటపట్టించడం కాదు. ఒప్పుకుంటే వచ్చేస్తాను, మాట మాటే.

అడుగుతానన్నాడు.

ఒడెస్సా

*

హాలిస్టర్
క్రిస్మస్ ముందు

అక్కకి,

ఒప్పుకోలేదు. ఈపాటికి నీకు తెలిసే ఉంటుంది. రాబోయే పన్నెండేళ్ళకీ మా వాళ్ళ ఆటలన్నీ ముందే ఖాయమైపోయాయట, ఒక్క శనివారం కూడా ఖాళీ లేదట. పేపర్లో అలాగే రాశారు.

నేను ఊరుకోలేకపోయాను. స్ట్రౌడ్ ఆఫీసుకి వెళ్ళాను. "ఇల్లు ఇస్తారు, పిల్లకి బడి చూస్తారు, మా అక్క మోకాలికి డాక్టర్ని కూడా చూస్తారు. ఒక్క మధ్యాహ్నం బస్సెక్కి వెళ్ళి రాలేరా?" అన్నాను. చుట్టూ చూసి తలుపు వేశాడు. "లైల్ గారూ, మీరు మనవాళ్ళు కాబట్టి చెబుతున్నాను. ఇక్కడ ఓడిపోతే ఏదో ఒకరోజు బాగాలేదనుకుంటారు. అక్కడికి వెళ్ళి ఓడిపోతే? ఇక ప్రతి చిన్న ఊరూ మనం రావాలని అడుగుతుంది. అప్పుడు మనకి వాళ్ళకి తేడా ఏముంటుంది?" అన్నాడు.

అరగంట కారులో కూర్చున్నాను, తాళం తిప్పకుండా. నాన్న మాటే గుర్తొచ్చింది. హాలిస్టర్ ఎవరి గుమ్మమూ తొక్కదు. ఇన్నేళ్ళూ అది గొప్ప అనుకున్నాను. అక్కా, అది భయం. నాన్నకి తెలియదు, ఆయన్ని ఏమీ అనను. కానీ నాకు తెలిసిపోయింది, ఇప్పుడు ఏం చేసుకోను?

మీరు మాతో పోటీ పడలేరని ఈ ఉత్తరాన్ని కూడా ఎప్పటిలా మొదలుపెడదామనుకున్నాను. చెయ్యి రాలేదు. ఆ ఇల్లు ఎవరో కొనుక్కున్నారు.

లైల్

*

బ్రయర్ ఫోర్క్
మార్చి

లైల్‌కి,

ఇన్నాళ్ళు రాయలేదని ఏమనుకోకు. నీ ఉత్తరం చదివాక ఏం రాసినా ఎగతాళిలా ఉంటుందని ఆగాను.

డోర్సీ ఆ ఫోన్ నా వంటింట్లోనే మాట్లాడాడు, నేనూ కొరీన్ వింటూ ఉన్నాం. అన్నిటికీ మీ స్ట్రౌడ్ సరే సరే అన్నాడు. బ్రయర్ ఫోర్క్‌లో ఆడాలనేసరికి కనుక్కుని చెబుతానన్నాడు. మర్నాడు ఫోన్ చేసి కుదరదన్నాడు. డోర్సీ ఫోన్ బల్ల మీద పెట్టేశాడు. "వీళ్ళు మనకి భయపడుతున్నారు అత్తయ్యా. భయపడే టీం దగ్గరికి నేనెందుకు వెళ్ళాలి? భయపెట్టే టీం నా దగ్గరే ఉంది" అన్నాడు. పెర్ల్ రొట్టె నములుతూ "అంటే మనం వెళ్ళట్లేదా?" అంది. లేదన్నాడు. అది పళ్ళెంలో ఇంకో ముక్క పెట్టమంది.

ఎన్నాళ్ళుంటాడో నాకు తెలియదు. వచ్చే ఏడు ఇంకెవరో ఇంకో ఇల్లు చూపిస్తారు. గొట్టానికి తగిలిన బంతిని చూసి మాత్రం ఇంకెప్పుడూ సంతోషించను. అంతవరకు నాకు నేను చెప్పుకున్నాను.

ఏప్రిల్ రెండో శనివారం మా వాళ్ళు రెండు జట్లుగా విడిపోయి తమలో తాము ఆడుకుంటారు, వసంతపు ఆట. ఎవరు గెలిచినా మనవాళ్ళే. అయినా గోల్‌పోస్టుల దగ్గర ఇద్దరు పోలీసుల్ని నిలబెడుతున్నారు. క్లైడ్‌ని ఆ చివరికి అసలు రానివ్వరట. కొత్తది తెప్పించారు, డోర్సీ తాడు కట్టి చూశాడు, తిన్నగా ఉంది.

హాలిస్టర్ రాదు, సరే. నువ్వు రా. మీ ఎరుపు చొక్కానే వేసుకుని రా, ఎవరూ ఏమీ అనరు, అంటే నేను చూసుకుంటాను. ఆ వారమంతా ఇక్కడే ఉండు, ఆదివారం కూడా. నా పక్కన చోటు పట్టి ఉంచుతాను.

నాన్న దిండు తీసుకురా. మా బల్లలు బాగా గట్టివి.

అక్క